ఆర్కిటిక్ మంకీస్ తొలి ఆల్బమ్ మైస్పేస్ వల్లే అంతగా అమ్ముడుపోయిందా?

బ్రిటిష్ రాక్ బ్యాండ్ ఆర్కిటిక్ మంకీస్ తొలి ఆల్బమ్ 2006 జనవరిలో విడుదలై, బ్రిటన్‌లో మొదటి వారంలోనే 3,60,000కు పైగా ప్రతులు అమ్ముడుపోవడానికి పునాది వేసింది అప్పటి సోషల్ మీడియా సైట్ మైస్పేస్ కన్నా ముందుగా, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరానికి చెందిన ఆ కుర్రాళ్లు తమ కచేరీలకు వచ్చినవారికి ఉచితంగా పంచిన డెమో (నమూనా రికార్డింగ్) సీడీలే. సీడీలు కొద్దిమందికే అందడంతో, దక్కినవారు ఆ పాటలను కంప్యూటర్లలోకి ఎక్కించి ఇంటర్నెట్‌లో ఒకరికొకరు పంపుకున్నారు. ఫలితంగా, ఇంకా మార్కెట్లోకే రాని పాటలను శ్రోతలు కచేరీల్లో పల్లవి నుంచి చివరి చరణం దాకా గొంతు కలిపి పాడేవారు.

ఇందులో అభిమానుల పాత్ర ఎంతంటే, ఆ డెమోల సంకలనానికి 'బినీత్ ద బోర్డ్‌వాక్' అన్న పేరు పెట్టింది బ్యాండ్ కాదు, అభిమానులే. షెఫీల్డ్‌లో గాయకుడు అలెక్స్ టర్నర్ బార్‌లో పనిచేసిన 'బోర్డ్‌వాక్' వేదిక పేరు మీదుగా అది వచ్చింది. అందులోని 'మార్డీ బమ్' వంటి పాటలనే తరువాత డామినో అనే స్వతంత్ర సంస్థ విడుదల చేసిన ఆల్బమ్ కోసం మళ్లీ రికార్డు చేశారు.

మైస్పేస్‌లో బ్యాండే తెలివిగా ప్రచారం చేసుకుందన్నది పత్రికల్లో బాగా నలిగిన అపోహ. నిజానికి ఆ పేజీని తెరిచింది కూడా అభిమానులే.