కాల్షియం అంకె పక్కన వోల్టేజీ రాయి

చి. లావణ్యకి,

పెదనాన్న ఆశీస్సులు. గినీ పిగ్ లోపలి చెవిలో ఎండోలింఫ్ అనే ద్రవంలో కాల్షియం కొలిచే పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. ఆ ల్యాబుల్లోనే తలపండినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నా.

నత్తగుల్లలా చుట్టుకుని ఉండే వినికిడి భాగం కాక్లియాలోని ఎండోలింఫ్‌లో పొటాషియం 150 మిల్లీమోలార్ దాకా ఉంటుంది. కాల్షియం మాత్రం 20 మైక్రోమోలార్ (మిల్లీమోలార్‌లో వెయ్యో వంతు) చుట్టూనే. పక్కనే ఉన్న మరో ద్రవం పెరిలింఫ్‌లో అది ఒక మిల్లీమోలార్ పైమాటే. దీనికి తోడు ఎండోలింఫ్‌లో ప్లస్ 80 మిల్లీవోల్టుల పైచిలుకు వోల్టేజీ. చెవి పరిశోధకుడు బెకెషీ 1952లో కొలిచింది దీన్నే.

నీకు చిక్కు వచ్చేది ఇక్కడే. కాల్షియం పది రెట్లు మారితే నీ ఎలక్ట్రోడ్ చూపించే తేడా 30 మిల్లీవోల్టులే. అక్కడున్న వోల్టేజీని కూడా అది కలిపే చూపిస్తుంది. ఆ 80 తీసేయడం మరిచిపోయావంటే కాల్షియం దాదాపు 400 రెట్లు ఎక్కువ కనిపిస్తుంది. అందుకే రెండు గొట్టాల ఎలక్ట్రోడ్ వాడాలి: ఒకదానిలో కాల్షియానికి స్పందించే రెసిన్, రెండోదానిలో వోల్టేజీ ఒక్కటే చూడటానికి పొటాషియం క్లోరైడ్. రెండు కొనలూ ఒకేచోట ఉంటేనే తీసివేత సరిగ్గా వస్తుంది.

కాలిబ్రేషన్ ద్రావణాల్లో (ఎలక్ట్రోడ్‌ని సరిచూసే, కాల్షియం ఎంతో ముందే తెలిసిన ద్రావణాలు) కూడా పొటాషియం 150 మిల్లీమోలార్ ఉండాలి, వాటిని 37 డిగ్రీల దగ్గర పెట్టు. ప్రయోగానికి ముందూ తర్వాతా రెండుసార్లూ చెయ్యి. తర్వాతది చాలామంది ఎగ్గొడతారు, నువ్వు ఎగ్గొట్టకు. ఇంత తక్కువ కాల్షియం దగ్గర గాజు సీసా కూడా నమ్మదగింది కాదు, ప్లాస్టిక్‌వే వాడు.

లోపలికి దిగేటప్పుడు కంగారు పడకు. పెరిలింఫ్‌లో సున్నా దగ్గర ఉన్న వోల్టేజీ ఒక్కసారిగా ప్లస్ 80కి ఎగిరితే సరైన చోటికి చేరినట్టు. 50, 60 దగ్గర ఆగితే ఎక్కడో పొర చిరిగి కారుతోందని అనుమానించు. అప్పుడొచ్చిన కాల్షియం అంకె నోట్‌బుక్‌లో రాసుకో గానీ, సగటులో కలపకు. జంతువు శ్వాస మీద ఒక కన్నేసి ఉంచు. ఆక్సిజన్ ఆగితే నిమిషాల్లోనే వోల్టేజీ సున్నా కిందికి పడిపోతుంది, కాల్షియం పెరుగుతుంది.

ప్లస్ వోల్టేజీ ప్లస్ ఆవేశమున్న కాల్షియాన్ని బయటికి నెడుతుంది. ఆ వోల్టేజీ బలానికే వదిలేస్తే కాల్షియం 3 మైక్రోమోలార్‌కి దిగాలి. కానీ 20 ఉంటోంది. అంటే ఎండోలింఫ్‌లోకి కాల్షియాన్ని తోసే పంపులు పనిచేస్తున్నాయన్నమాట. నా లెక్కలో నీ థీసిస్‌కి అసలు ప్రశ్న ఇదే, మీ గైడ్ ఏమన్నా సరే.

తీసివేత సరిగ్గా ఉందో లేదో చూడాలంటే ఫ్యూరోసెమైడ్ ఇచ్చి చూడు. మన ఇళ్లల్లో ఒళ్లు నీరు పట్టినవాళ్లు వేసుకునే మందే అది. వోల్టేజీ కాసేపు పడిపోయి మళ్లీ లేస్తుంది. వోల్టేజీతో పాటే కాల్షియం గీత కూడా అంతే వేగంగా కిందికి జారితే అది కాల్షియం కాదు, సరిగ్గా తీసేయని వోల్టేజీ. ఆ రోజు రీడింగులు పక్కన పెట్టి కొత్త ఎలక్ట్రోడ్ తయారుచెయ్యి.

ఎథిక్స్ కమిటీ అనుమతిలో ఫ్యూరోసెమైడ్ పేరు కూడా ముందే చేర్పించు, తర్వాత చేర్చాలంటే నెలలు పడుతుంది.

ఇట్లు,
పెదనాన్న