అంకెల పట్టికలో కనబడని ఆటగాడు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఐస్ హాకీ డ్రాఫ్ట్ గురించినవే కావడంతో ఈ శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాము. కొత్త పాఠకుల కోసం ఒక్క మాట: నేషనల్ హాకీ లీగ్‌లోని 32 జట్లు ఏటా 7 రౌండ్లలో, వంతులవారీగా, యువ ఆటగాళ్ల మీద హక్కులు పొందే ప్రక్రియనే డ్రాఫ్ట్ అంటారు.

ప్రశ్న: డ్రాఫ్ట్‌కు ముందు వెలువడే అంచనా జాబితాలను మూడేళ్లుగా చదువుతున్నాను. జూనియర్ లీగ్‌లో 90 పాయింట్లు (గోల్స్, గోల్‌కు దారితీసిన పాస్‌లు కలిపి) సాధించిన కుర్రాడు రెండో రౌండ్‌కు జారిపోతాడు. 30 పాయింట్లు కూడా లేనివాడిని మొదటి రౌండ్‌లోనే తీసుకుంటారు. స్కౌట్లకు, అంటే జట్ల తరఫున కుర్రాళ్లను వెతికి అంచనా వేసేవాళ్లకు, అంకెలంటే లెక్కలేదా?

జవాబు: లెక్క ఉంది. కాని పాయింట్ల పట్టిక గడిచిన సీజన్‌కు సంబంధించినది. స్కౌట్‌కు కావలసినది రాబోయే అయిదారేళ్ల సంగతి. ఇప్పుడు సాటి కుర్రాళ్ల మీద ఆడుతున్న పదిహేడేళ్లవాడు, ఇరవై మూడేళ్లు వచ్చేసరికి, కండబలంలోనూ అనుభవంలోనూ ఆరితేరినవాళ్ల మధ్య ఏ పాత్రకు పనికివస్తాడన్నదే అతడు తేల్చుకోవలసిన విషయం.

అందువల్ల పాయింట్లు ఎన్ని అనే దానికంటే అవి ఎక్కడ, ఎవరి సరసన, ఏ సందర్భంలో వచ్చాయన్నది ముందు చూస్తారు. కెనడా జూనియర్ లీగ్‌లో మొదటి వరుసలో ఆడుతూ ఆటకు ఇరవై నిమిషాలు మంచు మీద ఉండే కుర్రాడి పాయింట్లను, స్వీడన్ అగ్రశ్రేణి లీగ్‌లో పెద్దవాళ్ల జట్టులో నాలుగో వరుసలో ఏడెనిమిది నిమిషాలు మాత్రమే దొరికే కుర్రాడి పాయింట్లతో నేరుగా పోల్చడం కుదరదు. సగానికి సగం పాయింట్లు పవర్ ప్లేలోనే, అంటే ప్రత్యర్థి ఒకడు శిక్ష పడి బయట కూర్చున్న వేళలోనే వచ్చి ఉంటే, లేదా పక్కన ఆడే ఇరవై ఏళ్ల సహచరుడే అవకాశాలన్నీ సృష్టిస్తూ ఉంటే, ఆ మొత్తంలో కుర్రాడి స్వార్జితం ఎంతో విడదీసి చూడాలి. ఒక లీగ్ పాయింట్లను మరో లీగ్ స్థాయికి మార్చే గుణకాలను విశ్లేషకులు తయారుచేశారు. చూడవలసిన పేర్లను వడకట్టడానికి అవి పనికివస్తాయి కనుక నేను వాటిని తోసిపుచ్చను. కాని తుది నిర్ణయాన్ని వాటికి వదిలేయడం నాకు సమ్మతం కాదు.

2025లో న్యూయార్క్ ఐలాండర్స్ మొట్టమొదటి ఎంపికగా తీసుకున్న డిఫెన్స్‌మన్ (రక్షణ ఆటగాడు) మాథ్యూ షేఫర్, ఆ సీజన్‌లో ఒంటారియో హాకీ లీగ్‌లో ఆడినవి 17 ఆటలే. ప్రపంచ జూనియర్ పోటీలలో కాలరు ఎముక విరగడంతో మిగిలిన సీజన్ పోయింది. అయినా అగ్రస్థానం అతడిని దాటిపోలేదంటే, అతడు ఆడిన ఆ కొద్ది ఆటలలోనే స్కౌట్లకు చూడవలసినది కనబడిందన్నమాట.

ప్రశ్న: ఒకే డ్రాఫ్ట్‌లో ఉన్నవాళ్ల వయసు గురించి వ్యాఖ్యాతలు అంతగా ఎందుకు పట్టించుకుంటారు? అందరూ పద్దెనిమిదేళ్లవాళ్లే కదా?

జవాబు: కారు. సెప్టెంబరు 15 నాటికి పద్దెనిమిదేళ్లు నిండినవారే ఆ ఏటి డ్రాఫ్ట్‌కు అర్హులు. మర్నాడు పుట్టినవాడు మరుసటి ఏడాది దాకా ఆగాలి. అంటే తొలిసారి అర్హత పొందిన ఇద్దరి మధ్య దాదాపు ఏడాది తేడా ఉండవచ్చు. ఆ వయసులో ఏడాదంటే రెండంగుళాల ఎత్తు, పది కిలోల బరువు, ఒక సీజన్ అదనపు సాధన కావచ్చు. షేఫర్ పుట్టినది 2007 సెప్టెంబరు 5న. మరో పదకొండు రోజులు ఆలస్యంగా పుట్టి ఉంటే అతడు 2026 డ్రాఫ్ట్‌లో ఉండేవాడు. కాబట్టి ఇద్దరు సమానంగా ఆడుతున్నట్లు తోచినప్పుడు నేనైతే చిన్నవాడి వైపే మొగ్గుతాను.

ఈ తేదీ మీద ఒక ముచ్చట ఉంది. రష్యా ఆటగాడు అలెగ్జాండర్ ఒవెచ్కిన్ 1985 సెప్టెంబరు 17న పుట్టి, రెండు రోజుల తేడాతో 2003 డ్రాఫ్ట్‌కు దూరమయ్యాడు. లీపు సంవత్సరాలలోని అదనపు రోజులను లెక్కలోకి తీసుకుంటే అతడికి గడువులోగానే పద్దెనిమిదేళ్లు నిండుతాయని వాదిస్తూ ఫ్లోరిడా పాంథర్స్ ఆ ఏడాది తొమ్మిదో రౌండ్‌లో (అప్పట్లో రౌండ్లు తొమ్మిది) అతడిని ఎంచుకోబోయింది. లీగ్ ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది వాషింగ్టన్ అతడిని మొదటి ఎంపికగా తీసుకుంది.

ప్రశ్న: రింకులో కూర్చున్న స్కౌట్ ఏం చూస్తాడు? మాకు కనబడనిది అతడికేం కనబడుతుంది?

జవాబు: ప్రేక్షకుల చూపు పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) వెంట పోతుంది, స్కౌట్ చూపు తాను చూడవచ్చిన కుర్రాడి మీదే నిలుస్తుంది. పక్ తన దగ్గరకు రాకముందే కుర్రాడు భుజం మీదుగా వెనక్కి చూశాడా? అందుకున్న మరుక్షణమే దానిని ఎక్కడికి పంపాలో ముందుగానే నిర్ణయించుకున్నాడా, లేక అందుకున్నాక వెతుక్కుంటున్నాడా? డిఫెన్స్‌మన్ అయితే, వెనకనుంచి ప్రత్యర్థి దూసుకువస్తున్నప్పుడు మూలనున్న పక్‌ను తీసుకుని ఏ వైపు తిరుగుతున్నాడు? తనమీదకు వచ్చే ఫార్వర్డ్‌కు ఎంత దూరంలో నిలుస్తున్నాడు? పక్ పోగొట్టుకున్నాక తల వేలాడేసి నెమ్మదిగా వస్తున్నాడా, వెంటనే వెంటపడుతున్నాడా?

జూనియర్ ఆటలో మెరిసే కొన్ని విద్యలు పెద్దల ఆటలో చెల్లవు. ముగ్గురిని ఒంటరిగా తప్పించుకుని గోల్ కొట్టే కుర్రాడికి చప్పట్లు మోగుతాయి. కాని పైస్థాయిలో ఆ ముగ్గురి మధ్య ఖాళీ అసలు దొరకదు. తోటివారికంటే ముందే ఎదిగి, కేవలం ఒంటి బలంతో గోడవార పోరాటాలన్నీ గెలుస్తున్నవాడి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

ఏ లోపం సరిదిద్దగలిగినది, ఏది కానిది అన్న విచక్షణలోనే స్కౌట్ పనితనం తేలుతుందని నా అభిప్రాయం. బ్రేడెన్ పాయింట్ పొట్టివాడు, పైగా స్కేటింగ్‌లో లోపాలున్నాయన్న సందేహాల మధ్య 2014లో టాంపా బే అతడిని 79వ ఎంపికగా తీసుకుంది. జట్టుకు స్కేటింగ్ నేర్పే బార్బరా అండర్‌హిల్ 1984లో ఫిగర్ స్కేటింగ్ జోడీ విభాగంలో ప్రపంచ విజేత. ఆమె శిక్షణ తోడై అతడు లీగ్‌లోని వేగవంతులలో ఒకడయ్యాడు. అడుగు తీరును మార్చవచ్చు. ఆటను ముందుగా పసిగట్టే బుద్ధిని ఇరవై ఏళ్లు వచ్చాక నేర్పించడం బహు కష్టం.

ప్రశ్న: సెంట్రల్ స్కౌటింగ్ జాబితాలో 5వ స్థానంలో ఉన్న ఆటగాడు 20వ ఎంపికగా ఎందుకు వెళ్తాడు?

జవాబు: 1975లో లీగ్ నెలకొల్పిన ఆ విభాగం ఒకటి కాదు, నాలుగు జాబితాలు ఇస్తుంది: ఉత్తర అమెరికా ఆటగాళ్లు, అక్కడి గోలీలు (గోల్ కాపలాదారులు), ఇతర దేశాల ఆటగాళ్లు, వారి గోలీలు. మీరు చూసినది బహుశా వాటిలో ఒకదానిని మాత్రమే. పైగా ప్రతి జట్టుకూ తన స్కౌట్లు, తన రహస్య జాబితా వేరే ఉంటాయి.

ప్రశ్న: డ్రాఫ్ట్‌కు ముందు జరిపే శారీరక పరీక్షలలో వెనుకబడినవాడు మంచి ఆటగాడు కాగలడా?

జవాబు: 2014 పరీక్షలలో సామ్ బెన్నెట్ ఒక్కసారి కూడా కడ్డీ పట్టుకుని పైకి లేవలేకపోయాడు. కాల్గరీ అతడిని 4వ ఎంపికగా తీసుకుంది. 2025లో ఫ్లోరిడా తరఫున కాన్ స్మైత్ ట్రోఫీ, అంటే ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే బహుమతి, అందుకున్నాడు. ఆ పరీక్షల సందర్భంగా జట్లు జరిపే ముఖాముఖిలకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ప్రశ్న: గోలీలను మొదటి రౌండ్‌లో అరుదుగా ఎందుకు తీసుకుంటారు?

జవాబు: వాళ్లు ఆలస్యంగా పక్వానికి వస్తారు కనుక. హెన్రిక్ లుండ్‌క్విస్ట్ 2000లో 205వ ఎంపిక, పెక్కా రిన్నే 2004లో 258వ ఎంపిక; ఇద్దరూ తరువాత లీగ్ ఉత్తమ గోలీకిచ్చే వెజినా ట్రోఫీ గెలిచారు.

ప్రశ్న: నేను సొంతంగా ఒక జాబితా తయారుచేయాలనుకుంటున్నాను. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: గోల్స్‌ను మాత్రమే ఏరి కూర్చిన చిన్న వీడియోలతో మాత్రం మొదలుపెట్టకండి, వాటిలో ఎవరైనా గొప్పవాడే. ఒకే ఆటగాడిని కనీసం అయిదు పూర్తి ఆటలలో, అందులోనూ ఒకటి రెండు అతడి జట్టు ఘోరంగా ఓడినవాటిలో, చూసి అప్పటికప్పుడే నోట్సు రాసుకోండి. ఇతరుల జాబితాలు ఆ తరువాతే చదవండి. చూడవచ్చిన ఆటగాడి పక్కనున్నవాళ్లను కూడా గమనించండి: డెట్రాయిట్ స్కౌట్ హాకన్ ఆండర్సన్ రష్యాలో మరో కుర్రాడి కోసం వెళ్లినప్పుడే, అంతకుముందు రెండు డ్రాఫ్టులలో ఎవరూ తీసుకోని పావెల్ దట్సుక్ ఆయన కంటబడ్డాడు. 1998లో అతడిని 171వ ఎంపికగా తీసుకున్నారు. ఆగస్టులో జరిగే హ్లింకా గ్రెట్జ్‌కీ కప్‌లో మరుసటి ఏటి డ్రాఫ్ట్ కుర్రాళ్లు చాలామంది ఒకేచోట ఆడతారు కాబట్టి, మీ నోట్సు పుస్తకాన్ని అక్కడినుంచి తెరవండి.