రోడ్డు మీద స్వేచ్ఛ ఉంటుందని అనుకునేవారికి

"పొద్దున్నుంచి రాత్రి దాకా ఉద్యోగంలో నలిగిపోయే కన్నా ఇల్లూ వాకిలీ లేకుండా తిరగడమే నయం కదా, స్వేచ్ఛ అయినా ఉంటుంది" అని ఒకరు నన్ను అడిగారు. రెండూ అనుభవించినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. నాన్న పోయాక ఇల్లు అప్పులవాళ్ళ పాలైంది. కొంతకాలం మిర్యాలగూడ బస్టాండులో, రైల్వే స్టేషన్లో తలదాచుకున్నాను. ఇప్పుడు అదే ఊళ్ళో రైస్ మిల్లులో పనిచేస్తున్నాను.

రోడ్డు మీద ఉన్నప్పుడు తీరిక అన్నదే ఎరగను. తెల్లవారకముందే కూలీల అడ్డాకు చేరాలి. మేస్త్రీ ముందు ముఖం చూస్తాడు, తర్వాత బట్టలు చూస్తాడు. నిద్ర లేక కళ్ళు ఎర్రబడి, మాసిన చొక్కాతో నిలబడితే తాగుబోతు అనుకుని పక్కవాణ్ణి పిలుస్తాడు. స్నానానికి డబ్బు, మరుగుదొడ్డికి డబ్బు. సంచీ పనికి తెస్తే మేస్త్రీ వద్దంటాడు, ఎక్కడైనా వదిలి వెళ్తే సాయంత్రానికి ఉండదు. ఆధార్ కార్డు ఉండేది ఆ సంచీలోనే.

అన్నిటికన్నా పెద్ద కష్టం నిద్ర. సంచీ పట్టీ చేతికి చుట్టుకుని, చెప్పులు తలకింద పెట్టుకుని పడుకుంటే, కన్ను మూతపడేలోపే ఎవరో బెంచీ మీద కర్రతో కొట్టి లేపేవారు. ఇంకో చోటు వెతుక్కునేసరికి ఊడ్చేవాళ్ళు వచ్చేవారు. నిద్ర కరువైనవాడికి కోపం ముక్కు మీద ఉంటుంది, చెప్పిన పని గుర్తుండదు. జనం దానికి సోమరితనం అని పేరు పెడతారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మిల్లు పని తేలికని అనను. వానాకాలం, యాసంగి కోతలప్పుడు ధాన్యం లారీలు రాత్రంతా బారులు తీరతాయి. ఊక దుమ్ము కళ్ళలో పడుతుంది, బాయిలర్ వేడికి చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. పన్నెండు గంటలు దాటే రోజులూ ఉన్నాయి. అయినా జీతానికి ఒక తేదీ ఉంది. కార్మికుల బీమా పథకం ఈఎస్ఐకి నా జీతంలో 0.75 శాతం కోస్తారు, యజమాని 3.25 శాతం కడతాడు. కట్టిన రోజులు సరిపోతే, జబ్బుపడినప్పుడు ఏడాదిలో 91 రోజుల వరకు 70 శాతం వేతనం వస్తుంది. బస్టాండులో జ్వరం వస్తే ఆ పూట పస్తే.

మిల్లు వెనక గది ఇచ్చిన రాత్రి లోపలి నుంచి గొళ్ళెం పెట్టి, పడుకున్నాక లేచి మళ్ళీ ఒకసారి లాగి చూసుకున్నాను. అంత మోతలోనూ తెల్లవార్లూ మెలకువ రాలేదు. నా మట్టుకు నన్ను నిలబెట్టింది జీతం కన్నా ముందు ఆ గదే. "ముందు పని చూసుకో, ఇల్లు అదే వస్తుంది" అనేవారితో నేను ఏకీభవించను. మీకు ఉద్యోగం విసుగెత్తితే మారండి, గది మాత్రం వదులుకోకండి.

ఇప్పటికే నీడ లేనివారు దీన్ని చదువుతుంటే రెండు సంగతులు. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ లక్ష జనాభాకు వంద మంది చొప్పున నిరాశ్రయులకు శాశ్వత ఆశ్రయం ఉండాలని చెప్పింది. మీ ఊళ్ళో ఉందేమో పురపాలక కార్యాలయంలో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సిబ్బందిని అడగండి. ఓటు హక్కుకు ఇంటి చిరునామా రుజువు లేదని వెనుదిరగకండి. ఓటరు నమోదు దరఖాస్తు ఫారం 6లో పడుకునే చోటు రాస్తే, బూత్ స్థాయి అధికారి రాత్రిపూట, ఒకటికి మించిన రాత్రులు వచ్చి చూసి నిర్ధారించుకోవాలి. అలా నిర్ధారణ అయితే నివాస పత్రాలేవీ అడగకూడదని ఎన్నికల సంఘం నిబంధన.