యాడ్ వాళ్లదే, మినియేచర్ సంగతి వేరు

ప్రశ్న: నేను సినిమాలకీ యాడ్‌లకీ మినియేచర్లు, అంటే భవనాల చిన్న సైజు నమూనాలు చేస్తాను. ఒక హోటల్ యాడ్‌కి కంప్యూటర్ గ్రాఫిక్స్ వద్దు, అంతా కెమెరా ముందే జరగాలి అన్నారు. హోటల్ ముందు భాగాన్నీ, పక్కనున్న స్విమ్మింగ్ పూల్‌నీ 1:25 స్కేలులో కట్టాను. కిటికీల్లో లైట్లు, వాన, పొగమంచు అన్నీ సెట్ మీదే చేశాం. నాకు పని ఇచ్చింది ప్రొడక్షన్ హౌస్. అగ్రిమెంట్ లేదు, మాటలన్నీ వాట్సాప్‌లోనే. సగం డబ్బు ఇంకా రాలేదు. షూటింగ్ అయ్యాక మినియేచర్‌ని హోటల్ వాళ్లు తీసుకెళ్లి లాబీలో గాజుపెట్టెలో పెట్టుకున్నారు. ఇప్పుడు నాకు మాటమాత్రం చెప్పకుండా దాంతోనే రెండో యాడ్ తీస్తున్నారు. అడిగితే "డబ్బిచ్చి చేయించుకున్నాం, మాదే" అంటున్నారు. ఇంకో భయం కూడా ఉంది. వాళ్లు చెప్పారని పూల్‌ని అసలుదానికి రెండింతలు చేశాను. రేపు ఎవరైనా మోసపోయామని కేసు వేస్తే నా మీదికి వస్తుందా?

జవాబు: "డబ్బిచ్చాం కాబట్టి మాదే" అన్న మాటలో సగం నిజముంది. కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 17 ప్రకారం ఎవరైనా డబ్బిచ్చి ఫిల్మ్ తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, దానికి మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. ఫొటోకీ, పెయింటింగ్‌కీ అదే రూలు. కాబట్టి మొదటి యాడ్ మీద మీకు హక్కు లేదు. మీరు పంపిన వాట్సాప్ కాపీల్లో కెమెరామన్‌కి చెప్పిన లెక్క చూశాను. నీటిచుక్కని స్కేలుకి తగ్గట్టు చిన్నది చేయలేం, అందుకే కెమెరా వేగం పెంచాలి, 25కి వర్గమూలం 5, మామూలుగా సెకనుకి తీసే 24 ఫ్రేములు ఇంటూ 5, మొత్తం 120 అని. ముచ్చటైన లెక్క. అయినా ఆ వాన షాట్ వాళ్లదే.

కానీ ఆ సెక్షన్ చెప్పిన జాబితాలో శిల్పం లేదు. మినియేచర్ శిల్పం కిందికే వస్తుంది. అచ్చులూ నమూనాలూ కూడా శిల్పమేనని చట్టంలో నిర్వచనమే ఉంది. మీరు జీతం మీద పనిచేసే ఉద్యోగి అయితే హక్కు యజమానికి పోయేది. మీరు పని ఒప్పుకుని చేసినవారు. అలాంటివారి కాపీరైట్ చేతులు మారాలంటే సెక్షన్ 19 ప్రకారం సంతకంతో కూడిన రాత ఉండాలి. వాట్సాప్‌లో "ఓకే సార్" అన్నంత మాత్రాన హక్కు రాసిచ్చినట్టు కాదని గట్టిగానే వాదించవచ్చు.

వస్తువు ఎవరిదన్నది మళ్లీ వేరే ప్రశ్న. రేటు మాట్లాడుకున్నప్పుడు "మోడల్ తయారీకి ఇంత" అనుకున్నారా, "షూటింగ్‌కి అద్దె ఇంత" అనుకున్నారా, ఆ మెసేజ్ వెతకండి. తయారీకే అయితే వస్తువు వాళ్లదని తేలే అవకాశమే ఎక్కువ. తేలినా, పెయింటింగ్ కొన్నవాడు దాన్ని గోడకి తగిలించుకోవచ్చు గానీ క్యాలెండర్లుగా అచ్చేసి అమ్ముకోలేడు. కళాకృతిని ఫిల్మ్‌లో చేర్చే హక్కు కాపీరైట్ ఉన్నవారిది. మొదటి యాడ్ కోసమే కట్టారు కాబట్టి దానికి మీ అనుమతి ఉన్నట్టే లెక్క. రెండోదానికి లేదు.

ఇక్కడ మీ కేసులో రెండు బలహీనతలున్నాయి, ముందే చెప్పడం మంచిది.

ఒకటి లాబీ. జనం వచ్చిపోయే ఆవరణలో శాశ్వతంగా ఉంచిన కళాకృతిని ఫిల్మ్‌లో చూపిస్తే ఉల్లంఘన కాదని సెక్షన్ 52లో మినహాయింపు ఉంది. హోటల్ లాబీ సరిగ్గా అలాంటి చోటే. వాళ్ల లాయర్ మొదట పట్టుకునేది దీన్నే. దాన్ని అక్కడ శాశ్వతంగా పెట్టడానికి మీరు ఒప్పుకోలేదని, రెండో యాడ్ విడుదల కాకముందే రాతపూర్వకంగా చెప్పండి. మౌనంగా ఉన్న ప్రతి నెలా వాళ్లకే కలిసొస్తుంది.

రెండోది మీ పనితనం గురించి. ఉన్న భవనాన్ని ఇంచి తేడా లేకుండా దించితే అందులో మీ సృజన ఎంత అని కోర్టు అడుగుతుంది. శ్రమ పడ్డాం అంటే చాలదు, కొంతైనా సొంత నైపుణ్యం, నిర్ణయం కనిపించాలని సుప్రీంకోర్టు ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో 2007లోనే చెప్పింది. మీ అదృష్టం, మీరు అచ్చంగా దించలేదు. పై అంతస్తులు పైకి పోయేకొద్దీ సన్నబడేలా కట్టారు, కింది నుంచి చూస్తే భవనం ఇంకా ఎత్తుగా కనబడాలని. గోడల మీద వాన చారికలు చేత్తో వేశారు. అసలు హోటల్‌లో లేనివి ఏవో అవే మీ హక్కుకి ప్రాణం. భవనం డిజైన్ మీద ఆర్కిటెక్ట్‌కి హక్కు ఉండొచ్చు, అది ఇంకో తగాదా, ఇప్పుడు దాని జోలికి వద్దు.

చిక్కల్లా పూల్ దగ్గరే. అసలుదానికి తేడాగా కట్టడం కాపీరైట్‌కి బలం, యాడ్ నిజాయితీకి దెబ్బ. పైపుల్లోంచి కురిసిన వాన, డ్రై ఐస్ పొగమంచు, గాజు మీద గ్లిజరిన్ చుక్కలు, వీటిని చూసి ఎవరూ రూమ్ బుక్ చేసుకోరు. పూల్ ఎంత పెద్దదో చూసి చేసుకుంటారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయగలదు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. ఆ సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో యాడ్ ఏజెన్సీల బాధ్యతలు కూడా ఉన్నాయి. కింద చిన్న అక్షరాల్లో "చిత్రం ఊహాజనితం" అని వేసి బయటపడదామన్నా కుదరదు, తప్పుడు మాటని డిస్‌క్లెయిమర్‌తో సరిదిద్దకూడదని అందులోనే ఉంది. అయితే ఈ బరువు ప్రకటన ఇచ్చినవారిది, తయారుచేసిన ఏజెన్సీది. చెప్పిన కొలతకి మోడల్ కట్టినవారిని మామూలుగా ఎవరూ పట్టుకోరు. "పూల్ డబుల్ చెయ్యి" అన్న మెసేజ్ మీ కవచం. బాకీ తీరుస్తామని పిలిచి, దృశ్యాల మీద ఏ క్లెయిమ్ వచ్చినా నేనే భరిస్తానన్న కాగితం మీద సంతకం పెట్టమంటే మాత్రం పెట్టకండి.

స్క్రీన్‌షాట్లు తీసుకుని ఫోన్ ఫార్మాట్ చేసేవాళ్లని రోజూ చూస్తుంటాను. ఆ పని చేయకండి. భారతీయ సాక్ష్య అధినియం, 2023, సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో చెల్లాలంటే సర్టిఫికెట్ కావాలి, దానికి అసలు ఫోన్ ఉండటం మేలు.

డబ్బు బాకీ ప్రొడక్షన్ హౌస్‌ది, హోటల్‌ది కాదు. పూర్తి డబ్బు అందేదాకా మినియేచర్‌ని మీ వర్క్‌షాప్‌లోనే పట్టి ఉంచి ఉంటే పని సులువయ్యేది, చేయి దాటాక ఆ ఒత్తిడి పోయింది. పని ఒప్పుకునేనాటికే మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) ఉంటే ఎంఎస్ఎంఈ చట్టం, అంటే చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం అక్కరకొస్తుంది. రాసుకున్న గడువు లేనప్పుడు 15 రోజులు (గడువు రాసుకున్నా 45 రోజులు మించకూడదు) దాటిన బాకీకి బ్యాంక్ రేటుకి మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. లేకపోతే మామూలు సివిల్ దావా, గడువు 3 ఏళ్లు.

నోటీసులు రెండూ విడివిడిగా పంపండి. ప్రొడక్షన్ హౌస్‌కి బాకీ గురించి, హోటల్‌కి రెండో యాడ్ గురించి. హోటల్ నోటీసులో మీ సృజన గురించి రాసేటప్పుడు సన్నబడిన అంతస్తులు రాయండి, చేత్తో వేసిన చారికలు రాయండి. పూల్ మాట మాత్రం ఎత్తకండి.