ఉండవల్లి సొరంగం రాసే ముందు

బ్రాడీపేట, గుంటూరు

శ్రావణీ,

నువ్వు ఉద్యోగానికి మూడు నెలలు సెలవు పెట్టి నవల రాస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఎవరికో జబ్బు చేసిందన్నట్టు గొంతు తగ్గించి మరీ చెప్పాడు. ఫోన్ పెట్టేశాక వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మన ఇంటి పిల్ల థ్రిల్లర్ రాస్తోంది! కాసేపటికి నువ్వు వాట్సాప్‌లో పంపిన కథ గుర్తొచ్చింది. ఉండవల్లి గుహల నుంచి మంగళగిరి కొండకు సొరంగం, అందులో బౌద్ధుల రహస్యం, దాన్ని దాచిపెడుతున్న ఒక మఠం. ఇక ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

మామూలు సంగతులు ముందే చెప్పేస్తా. రోజూ ఒకే వేళకు కూర్చో. ఫైలు రెండు చోట్ల దాచు. అధ్యాయం పదిహేను వందల మాటలు దాటనివ్వకు. చివరి అధ్యాయం ముందు రాసుకో, ముడి విప్పడం తెలియనివాళ్ళు ముడి వేయకూడదు.

ఇక నీ సంకేతం. శిల్పి మంగళగిరి గోపురం రాయి మీద ఇంగ్లిషు అక్షరాలు మూడేసి స్థానాలు జరిపి రహస్యం చెక్కాడని రాశావు. 1809లో మంగళగిరి శిల్పికి ఏబీసీడీలు ఎవరు నేర్పారే? అక్షరాల్లో అంకెలు దాచే మన పాత పద్ధతి, కటపయాది, ఉండగా నీకిదేం ఖర్మ! క, ట, ప, య ఒకటి. ఖ, ఠ, ఫ, ర రెండు. గ, డ, బ, ల మూడు. అలా వరస. ఞ, న సున్నాలు, విడిగా నిలిచిన అచ్చూ సున్నాయే. గుణింతానికి విలువ లేదు, జంటాక్షరంలో చివరి హల్లునే లెక్కపెట్టాలి. వచ్చిన అంకెల్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. కర్ణాటక సంగీతంలో మేళకర్త, అంటే మూలరాగం, పేరులో మొదటి రెండక్షరాలే చూస్తారు: ధీరశంకరాభరణంలో ధ 9, ర 2, తిప్పితే 29. సంగీతం నేర్చుకున్న ఏ పిల్లనడిగినా ఆ రాగం సంఖ్య అదేనంటుంది. పాఠకుడు పుస్తకం బోర్లించి వేళ్ళ మీద సరిచూసుకుంటాడు చూడు, అక్కడ నీకు దొరికిపోతాడు. నీ విలన్‌ని ఎడమ నుంచి చదవనివ్వు, తప్పు చోట తవ్వుకుంటాడు.

చేసి చూపిస్తాను. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807-09లో కట్టించిన మంగళగిరి గాలిగోపురం పదకొండు అంతస్తులు, 153 అడుగులు. 'గమక' అనే మాట తీసుకో. గ 3, మ 5, క 1. తిప్పితే 153! నువ్విక్కడ ఎగిరి గంతేసి అధ్యాయం ముగించేస్తావు, నాకు తెలుసు. ఆగు. అడుగుల లెక్క మనం ఇవాళ చెప్పుకునేది. ఆ కాలపు శిల్పి మూరల్లో కొలుస్తాడు కదా. మూర అడుగున్నర అనుకుంటే 102 మూరలు. 'ఖనక': ఖ 2, న 0, క 1. తిప్పితే 102. ఖనకుడెవరో గుర్తుందా? లక్క ఇంటి కింద పాండవుల కోసం సొరంగం తవ్విన వాడు, విదురుడు పంపినవాడు.

నాకూ ఒళ్ళు ఝల్లుమంది. కానీ ఇది ఉత్త కాకతాళీయం తల్లీ. మూరని నేను అడుగున్నరగా పట్టాను కాబట్టి కుదిరింది, బెత్తెడు అటూ ఇటూ అయితే ఖనకుడూ లేడు, సొరంగమూ లేదు. పైగా నిఘంటువు మొత్తం నా ఎదురుగా ఉంది, కుదిరే మాట దొరికేదాకా వెతికాను. కుదిరినవి దాచుకుని కుదరనివి పారేయడం, కుట్ర కథలన్నీ పుట్టేది ఇలాగే. నవల్లో ఇది వాడుకో, నీకే ఇచ్చేశాను. నువ్వు మాత్రం నమ్మకు.

నమ్మితే ఏమవుతుందో చెబుతాను, ఈ ఉత్తరం రాసిందే దానికోసం. నీ ప్రతిలో మొదటి పేజీ మీద 'ఇందులోని సంఘాలు, శాసనాలు అన్నీ వాస్తవాలు' అని రాశావు. కొట్టెయ్. ఇది పాత తప్పు. 2003లో వచ్చిన డాన్ బ్రౌన్ నవల 'డావిన్సీ కోడ్' మొదట్లో అచ్చం ఇలాంటి పేజీయే ఉంది, 1099లో పుట్టిన 'ప్రయరీ ఆఫ్ సియోన్' అనే రహస్య సంఘం నిజంగా ఉందని. నిజానికి పియెర్ ప్లాంటార్ అనే ఆయన 1956లో ఫ్రాన్సులో ఆ పేరుతో సంఘం రిజిస్టరు చేయించాడు. తాను పాత రాజవంశం వాణ్ణనిపించుకోవాలని ఆయన కోరిక. దానికోసం దొంగ వంశవృక్షాలు తయారయ్యాయి, 1960లలో పారిస్ జాతీయ గ్రంథాలయంలో చేరాయి. అసలు కిటుకు అక్కడుంది. గ్రంథాలయం కేటలాగులో ఎక్కిన కాగితాన్ని ఎవరు అనుమానిస్తారు? వెతుక్కుంటూ వెళ్ళినవాడికి అది తన కష్టంతో దొరికిన నిధిలా కనబడుతుంది. అదే కథను చరిత్రగా 1982లో రాసిన ముగ్గురిలో ఇద్దరు, ఆ నవల మా పుస్తకం నుంచి ఎత్తేసిందని 2006లో లండన్ కోర్టుకెళ్ళి ఓడిపోయారు. అదే ఏడాది ఆ నవల మీద తీసిన సినిమాను, క్రైస్తవుల మనసు నొచ్చుకుంటుందని, మన ఆంధ్రప్రదేశ్‌లో నిషేధించారు, జూన్‌లోనే హైకోర్టు ఆ నిషేధం కొట్టేసింది. ఒక మనిషికి వంశం పిచ్చి, యాభై ఏళ్ళ తర్వాత మన రాష్ట్రంలో సినిమా మీద గొడవ. 'అన్నీ వాస్తవాలు' పేజీ లేకపోతే అది వట్టి పరుగుల కథ. పేజీ పెట్టినప్పుడు పాఠకుడు ఏది కల్పనో అడగడం మానేస్తాడు, మనసు నొచ్చినవాడు అడగడం మొదలుపెడతాడు. భారతీయ న్యాయ సంహిత 299 ఎలాగూ ఉంది, కావాలని, దురుద్దేశంతో మతాన్ని అవమానిస్తే మూడేళ్ళ దాకా.

నీకు దురుద్దేశం లేదని నాకు తెలుసు. అందుకే మఠాన్ని తీసెయ్యమంటున్నాను. మఠం మొత్తం కుట్ర చేయదే, అంతమంది కలిసి రహస్యం దాచడం మన ఇంట్లో పెళ్ళిచూపుల విషయంలోనే కుదరలేదు. అప్పుల్లో మునిగిన ఒక్క మనిషిని పెట్టు. వాడి చేతిలో ఒక దొంగ కాగితం పెట్టు, దాన్ని నిజమైన లైబ్రరీ బీరువాలో దాచించు. ప్లాంటార్ చేసిందే, మన నేల మీద. అమరావతి స్తూపం సంగతీ అంతే. కంపెనీ సర్వేయరు మెకంజీ 1797లో చూశాడు, కంపెనీ అధికారి ఇలియట్ 1845లో తవ్వించాడు, శిల్పాలు లండన్ చేరాయి. మరెన్నో రాళ్ళు ఇక్కడే సున్నం బట్టీల్లో కాలిపోయాయి. వాటిని ఏ మతమో పగబట్టి మాయం చేసిందని రాయకు, సున్నం కావాల్సినవాళ్ళు కాల్చుకున్నారు. అన్నట్టు అది పాలరాయి కాదు, పలనాటి సున్నపురాయి. నీ రెండో అధ్యాయంలో దిద్దు.

నీ హీరో బంగారం దొరగ్గానే సంచీలో వేసుకుని పోయాడు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు చెప్పాలి. చెప్పకపోతే హీరో దొంగే. ఆ దొంగతనం తెలిసి చేయించు, కథ ఇంకా రంజుగా ఉంటుంది.

నాకున్న అసలు భయం చెప్పనా? గుప్తనిధుల వాళ్ళు. పల్నాడులో పాడుబడ్డ గుళ్ళ దగ్గర నంది పొట్టలో బంగారం ఉంటుందని నమ్మి నందుల్ని పగలగొట్టే మనుషులు. వాళ్ళు నవలలు చదవరని అనుకోకు. తవ్వే చోటికి ఊరి పేరు, గుడి పేరు నిజమైనవి పెట్టకు. దిక్కూ, అడుగులూ, రాయి గుర్తూ మూడూ ఒకేచోట ఇవ్వకు. కల్పించిన ఊరికి మంచి పేరు పెట్టు, పేరు నేనే వెతుకుతాను.

ఉండవల్లికి పగలు వెళ్ళు, మీ నాన్నని తీసుకెళ్ళు. పైకెక్కి, అక్కడ పడుకున్న అనంతపద్మనాభస్వామి పాదాల దగ్గర నిలబడి తలవైపు చూడు, వెలుతురు ఎంతవరకు పడుతుందో రాసుకో. చీకటి బిలం కనబడితే లోపలికి దూరకు, నా మీద ఒట్టు. దసరాకి వచ్చేటప్పుడు ప్రింటు తీసి వరసల మధ్య ఖాళీ వదిలి తీసుకురా. వాట్సాప్‌లో చదివితే నా కళ్ళు లాగుతున్నాయి.

అత్త