ప్లేనోకి మారుతున్నాం, కాలిన్ కౌంటీలో వాతావరణం ఎలా ఉంటుంది?

జూన్‌లో విజయవాడ నుంచి టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ప్లేనో వస్తున్నామని, ఎండలు మన దగ్గరలాగే ఉంటాయా, చలి బట్టలు కొనాలా, అమ్మానాన్నలను ఏ నెలలో రప్పించుకుంటే మంచిదని అడిగారు. మేం 2014లో ఈ కౌంటీకి వచ్చాం. అప్పుడు నేనూ ఇవే ప్రశ్నలు అడిగాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు ఎండ సంగతి. దానికి మీరు టెన్షన్ పడక్కర్లేదు. విజయవాడ మే నెల చూసినవాళ్లకు ఇక్కడి జులై, ఆగస్టు కొత్త కాదు. మధ్యాహ్నం 96 ఫారెన్‌హీట్, అంటే మన 36 డిగ్రీలు మామూలే. 100 దాటే రోజులు కూడా ప్రతి ఏడూ ఉంటాయి. 2011లో డాలస్ ఎయిర్‌పోర్టు దగ్గర 71 రోజులు 100, ఆ పైన నమోదైంది. తేడా ఏమిటంటే, మనకు జూన్‌లో తొలకరి పడి భూమి చల్లబడుతుంది. ఇక్కడ జూన్ దాటాకే వాన మొహం చాటేస్తుంది. జూన్ నెలాఖరులో సూర్యుడు ఎనిమిదిన్నర దాటాక గానీ అస్తమించడు. పిల్లల్ని పార్కుకు తీసుకెళ్లాలంటే పొద్దున్నే వెళ్లిపోండి. ఎండలో ఆపిన కారులో సీటు బెల్టు ఇనప ముక్క పిల్లల చేతికి తగలకుండా చూసుకోండి, చురుక్కుమని కాలుతుంది.

మీరు నిజంగా నేర్చుకోవాల్సింది ఏప్రిల్, మే నెలల గురించి. మనకు రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి. ఇక్కడ అదే రోజుల్లో ఉరుములు, మెరుపులు. ఏడాదిలో ఎక్కువ వాన పడేది మే నెలలోనే. గల్ఫ్ ఆఫ్ మెక్సికో మీదుగా వచ్చే తేమగాలి, పడమటి నుంచి పొడిగాలి, ఉత్తరం నుంచి చల్లగాలి, మూడూ ఈ ప్రాంతం మీదే ఎదురుపడతాయి. ప్లేనో ఇంచుమించు మన జమ్మూ ఉన్న అక్షాంశంలోనే ఉంది. కానీ మనకు ఉత్తరాన హిమాలయాలు అడ్డు. ఇక్కడ కెనడా దాకా మైదానమే, చలిగాలిని ఆపేదేమీ లేదు. పొద్దున హాఫ్ చేతుల చొక్కాతో ఆఫీసుకు వెళ్లి, సాయంత్రం వణుక్కుంటూ ఇంటికొచ్చిన రోజులు నాకు చాలా ఉన్నాయి.

2016 ఏప్రిల్ 11న వైలీ ఊరి మీద వడగళ్లు పడ్డాయి. మేం అప్పుడు పక్కనే మర్ఫీలో అద్దెకుండేవాళ్లం. గాలి ఒక్కసారిగా ఆగిపోయింది, ఆకాశం పాచి రంగుకు తిరిగింది. మరుసటి రోజు వైలీలో స్నేహితుల ఇంటికి వెళ్తే, కిటికీ అద్దం పగలగొట్టుకొని మంచం మీద పడిన రాయిని ఫ్రీజర్‌లోంచి తీసి చూపించారు. కాస్త కరిగాక కూడా క్రికెట్ బంతి కన్నా పెద్దగా ఉంది. పొరలు పొరలుగా, కోసిన ఉల్లిపాయలా. ఆ మంచం మీద సాయంత్రం పూట వాళ్ల పాప పడుకునేది. ఆ రోజు డాన్స్ క్లాసుకు వెళ్లింది. అది విన్నప్పటి నుంచి మేం వడగళ్ల హెచ్చరిక ఉన్న రోజు పిల్లల్ని కిటికీ పక్కన కూర్చోనివ్వం.

అందుకే గ్యారేజీని సామాన్లతో నింపకండి, కారుకు చోటు ఉంచండి. ఇల్లు కొంటే ఇన్సూరెన్స్ కాగితంలో గాలి, వడగళ్లకు డిడక్టిబుల్ (నష్టంలో ముందు మనం భరించాల్సిన సొమ్ము) ఎంతో చదవండి. అది చాలాసార్లు ఇంటి బీమా విలువలో 1 శాతం, 2 శాతం అని ఉంటుంది. చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ, 5 లక్షల డాలర్ల మీద 2 శాతం అంటే 10 వేల డాలర్లు మన జేబులోంచే పోతాయి. వడగళ్లు పడ్డ మర్నాడే తలుపు కొట్టి రూఫ్ మారుస్తామనేవాళ్లకు వెంటనే సంతకం పెట్టకండి. మేం పెట్టి నాలుగు నెలలు తిప్పలు పడ్డాం.

టోర్నడో (సుడిగాలి) హెచ్చరికల విషయానికొస్తే, వాచ్ అంటే వచ్చే అవకాశం ఉందని, వార్నింగ్ అంటే వచ్చేసిందని, లేదా రాడార్‌లో కనిపించిందని. వార్నింగ్ వస్తే కింది అంతస్తులో కిటికీల్లేని గదిలోకి, బాత్రూమ్ అయినా సరే, వెళ్లిపోవాలి. ఇక్కడి ఇళ్లకు బేస్‌మెంట్లు దాదాపు ఉండవు. మేం మెట్ల కింద అరలో పిల్లల సైకిల్ హెల్మెట్లు, బూట్లు, టార్చి పెట్టుకున్నాం. నెలలో మొదటి బుధవారం మధ్యాహ్నం సైరన్ మోగితే కంగారు పడకండి, అది టెస్టు. అసలు సైరన్ బయట ఉన్నవాళ్ల కోసం. నిద్రలో వినిపించకపోవచ్చు. రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టినా అత్యవసర హెచ్చరికలు మోగేలా చూసుకోండి.

చలి బట్టలు కొనాలి. ఎక్కువ రోజులు వాడరు కానీ కొనాలి. జనవరి మధ్యాహ్నాలు చాలావరకు హాయిగానే ఉంటాయి. 2021 ఫిబ్రవరి 16న మాత్రం ఎయిర్‌పోర్టు దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే సుమారు మైనస్ 19 సెల్సియస్‌కు పడిపోయింది. టెక్సస్ అంతటా కరెంటు కోతలు. నలుగురం ఒకే గదిలో, ఉన్న దుప్పట్లన్నీ కప్పుకొని పడుకున్నాం. గ్యాస్ పొయ్యి ఉండబట్టి చారు కాచుకోగలిగాం. కుళాయిలు సన్నగా కారేలా వదిలాం, సింకు కింద తలుపులు తీసి ఉంచాం, పైపులు గడ్డకట్టి పగలకుండా నిలిచాయి. గ్యారేజీలో పెట్టిన కరివేపాకు మొక్క మాత్రం నల్లబడి చచ్చిపోయింది. ఏడేళ్ల మొక్క, ఇప్పటికీ బాధే. 40 ఫారెన్‌హీట్ కిందికి పోతుందనగానే కుండీ ఇంటి లోపలికి తెచ్చేయండి. గోంగూరకు ఆ బెంగ లేదు. ఏప్రిల్‌లో విత్తితే ఈ ఎండకు ఏపుగా పెరుగుతుంది.

ఇల్లు కొనే ఆలోచన ఉంటే ఇంకొకటి. మా నాన్నగారు నరసరావుపేట దగ్గర రైతు. మొదటిసారి వచ్చినప్పుడు ఆగస్టులో పెరట్లో బీటల్లోకి వేలు పెట్టి, మట్టి తీసి నలిపి, "ఇది మన నల్లరేగడేరా" అన్నారు. నిజమే, రెండూ ఒకే జాతి నేలలు. ఒకప్పుడు ఈ కౌంటీలో పత్తి బాగా పండేది. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే మట్టి కాబట్టి ఇంటి పునాది కదులుతుంది, తలుపులు పట్టేస్తాయి, గోడ మూలల్లో పగుళ్లు వస్తాయి. వేసవిలో పునాది చుట్టూ చిల్లుల గొట్టంతో నిదానంగా నీళ్లు పెట్టాలి. నీటి వాడకంపై ఆంక్షలుంటే ముందు మీ సిటీ నిబంధనలు చూసుకోండి.

అమ్మానాన్నలను అక్టోబరులో రప్పించండి. ఎండ తగ్గుతుంది, చలి రాదు, సాయంత్రం నడకకు వెళ్లొచ్చు, దసరా దీపావళి కలిసి జరుపుకోవచ్చు. మధ్యలో కొన్ని రోజులు వాన తగలొచ్చు, పర్వాలేదు. ఆయాసం, ఎలర్జీ ఉన్నవాళ్లైతే డిసెంబరు చివరికల్లా తిరిగి పంపేయండి. ఆ తర్వాత ఫిబ్రవరి దాకా సీడర్ చెట్ల పుప్పొడి గాలిలో ఉంటుంది. మా అమ్మకు ఆ రెండు నెలలు ముక్కు దిబ్బడ, కళ్ల దురద తగ్గనే లేదు. రోజూ వేసుకునే మందులు, ఒక మంచి స్వెట్టర్ వాళ్ల బ్యాగులో ఉండేలా చూడండి.