కొత్త మందు ప్రయోగంలో చేరవచ్చా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర లంకగ్రామం. నాన్నగారికి 58 ఏళ్లు, షుగరు ఉంది. కాకినాడ ఆసుపత్రిలో కొత్త మందు ప్రయోగానికి మనుషులు కావాలంటూ సమ్మతి పత్రం ఇచ్చారు. సంతకం పెట్టవచ్చా?

జవాబు: పెట్టే ముందు ఆ పత్రాన్ని ఇంటికి తెచ్చుకుని, నాన్నగారికి నిదానంగా చదివి వినిపించండి, తెలుగు ప్రతి ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. ఇలాంటి చాలా ప్రయోగాల్లో కొందరికి కొత్త మందు, మిగిలినవారికి ఇప్పుడు వాడుకలో ఉన్న మందో, మందు లేని ఉత్తుత్తి మాత్రో ఇస్తారు. ఎవరికి ఏది అన్నది చీటీలు వేసినట్టు తేలుతుంది కనుక, కొత్త మందే దక్కుతుందన్న ఆశతో చేరడం సరికాదు. ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలు మానాలా అన్నది మాత్రం డాక్టరుగారిని తప్పక అడగండి.

2019 నాటి నిబంధనల ప్రకారం, ప్రయోగం వల్ల హాని కలిగితే ఉచిత వైద్యమూ పరిహారమూ ఇవ్వాలి. నాన్నగారు ఎప్పుడైనా మానుకోవచ్చు. అలా మానుకున్నారని ఆయనకు అందే మామూలు వైద్యం ఆగకూడదు. 2009 జూన్ 15 నుంచి ఇలాంటి ప్రయోగాలను సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి కాబట్టి, ఆ నంబరు అడిగితే ఇవ్వడానికి తటపటాయించేవారిని నేనైతే నమ్మను.

ఇంకొక మాట: శ్రావణంలో గోదావరి పోటెత్తి, ఊరి నుంచి పడవ దాటవలసిన రోజున రక్తపరీక్ష తేదీ పడితే ఏం చేస్తారో, దారి ఖర్చులు ఎవరిస్తారో ముందే రాయించుకోండి.